లేటెక్స్ ఫోమ్ ఒకసారి కూలిపోయింది, ఇంకోసారి గిన్నెలోనే గడ్డకట్టింది. తప్పెక్కడ?

తెరవెనక:
అందరికీ నమస్కారం. మాది చిన్న నాటక బృందం. ముసలి పాత్రకి ముక్కు, బుగ్గలు, గడ్డం కింద వేలాడే చర్మం లేటెక్స్ ఫోమ్‌తో నేనే చేద్దామని కూర్చున్నాను. నాలుగు సీసాల కిట్ తెప్పించాను: రబ్బరు పాలు, నురుగు రావడానికి సబ్బు ద్రావణం, వేడికి రబ్బరుని ఉడికించి బలపరిచే క్యూరింగ్ ఏజెంట్, నురుగుని బిగుసుకునేలా చేసే జెల్లింగ్ ఏజెంట్. అన్నీ తూచే వేశాను. పాలు 150 గ్రాములు, సబ్బు 30, క్యూరింగ్ 15, జెల్ 14.

మొదటిసారి నురుగు బాగానే పొంగింది. అచ్చులో పోసి అరగంట కూర్చున్నా బిగుసుకోలేదు. సరేలే అని ఓవెన్‌లో పెట్టేశాను. తీసి చూస్తే అడుగున చెప్పు అట్టలా గట్టి రబ్బరు, పైన తేనెపట్టులా కన్నాలు, ముట్టుకుంటే జిగట.

వారం తర్వాత రెండోసారి. అదే కిట్, అవే కొలతలు. జెల్ సీసాలో మిగిలిందంతా పుల్లతో గీకి మరీ వేశాను. మిక్సర్ ఆపి గిన్నె చేతిలోకి తీసుకునేలోపే మొత్తం స్పాంజి ముద్ద అయిపోయింది. బీటర్ ఇప్పటికీ అందులోనే ఇరుక్కుని ఉంది, ఫోటో పెట్టడానికి సిగ్గేస్తోంది.

ఒకే కొలతలకి రెండు రకాల ఫలితం ఎలా వస్తుంది? ప్రదర్శనకి ఇంకా మూడు వారాలుంది. టెన్షన్‌గా ఉంది.

ముఖంమార్పిడి:
ముందు ఇవి చెప్పండి. గది ఎంత వేడిగా ఉంది? ఎంతసేపు గిలక్కొట్టారు, ఏ స్పీడ్‌లో? జెల్ వేశాక ఎన్ని సెకన్లు తిప్పారు? సీసాలు వాడేముందు ఊపారా?

బీటర్ గురించి బాధపడకండి. మా వర్క్‌షాప్‌లో అలాంటివి మూడు గోడకి వేలాడుతున్నాయి.

అర్ధరాత్రి:
ఇది మెమరీ ఫోమ్ లాంటిదే కదండీ? దానికి రెండు ద్రవాలు కలిపితే చాలు, దానంతటదే పొంగుతుంది. వీడియోలో చూశాను. ఇంత గిలక్కొట్టుడు దేనికి?

షిఫ్ట్‌_బి:
అర్ధరాత్రి గారూ, అది వేరు, ఇది వేరు. మీరు వీడియోలో చూసింది పాలీయురేథేన్. అందులో పాలియాల్, ఐసోసయనేట్ కలిసి రసాయన చర్య జరుగుతుంది. ఐసోసయనేట్ నీటితో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుట్టి ముద్దని పొంగిస్తుంది. మెమరీ ఫోమ్ కూడా ఆ కుటుంబానిదే. లేటెక్స్ ఫోమ్‌లో గాలిని మనమే బయటినుంచి కొట్టి ఎక్కించాలి. రబ్బరు అప్పటికే పాలలో సన్నటి రేణువులుగా తయారై ఉంటుంది. ఆ రేణువుల్ని బుడగల చుట్టూ నిలబెట్టి, బుడగ పగిలేలోపు అతికించెయ్యాలి. మొత్తం పనంతా ఇంతే. ఈ పనికి నేను పద్నాలుగేళ్లు జీతం తీసుకున్నాను.

పరుపులు పోసే ఫ్యాక్టరీలో జరిగేది చెబుతాను, తెరవెనక గారి గిన్నెలో జరిగిందేమిటో దాన్నిబట్టి అర్థమవుతుంది.

చెట్టు బెరడు మీద వాలుగా గాటు పెడితే కారే పాలలో రబ్బరు మూడో వంతు దాకా ఉంటుంది, మిగతాది దాదాపు నీళ్లే. వదిలేస్తే కొన్ని గంటల్లో విరిగిపోతాయి, అందుకే వెంటనే అమ్మోనియా కలుపుతారు. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి 60 శాతం రబ్బరుండే చిక్కటి పాలుగా చేస్తారు. మాకు డ్రమ్ముల్లో వచ్చేది ఇదే. మూత తీస్తే అమ్మోనియా ఘాటుకి కళ్లమ్మట నీళ్లు కారాల్సిందే.

ఈ పాలలోకి వేడికి రబ్బరుని బలపరిచే గంధకం, దాన్ని తొందరపెట్టే యాక్సిలరేటర్లు, రబ్బరు ముసలిదవకుండా యాంటీ ఆక్సిడెంట్, సబ్బు వేస్తాం. ఏ పొడినీ పొడిగా వెయ్యకూడదు. నీళ్లతో కలిపి బాల్ మిల్‌లో (గుండ్లతో నూరే మర) గంటల తరబడి నూరి, ముద్దలా చేసి వెయ్యాలి. పొడిగా వేస్తే పాలు అక్కడికక్కడే విరిగి ఉండలు కడతాయి. కలిపాక దాదాపు ఒక రోజు మాగనిస్తాం. నురుగు కొట్టేముందు గాలి తోలి అదనపు అమ్మోనియాని తగ్గిస్తాం.

తర్వాత నురుగు. మిక్సింగ్ హెడ్‌లో పాలనీ గాలినీ కలిపి తిప్పితే అటు చివర నుంచి తెల్లటి నురుగు గొట్టంలో వస్తుంది. సుమారు ఎనిమిది రెట్లు పొంగుతుంది. అచ్చులోకి వెళ్లే ముందు చిట్టచివర్లో జింక్ ఆక్సైడ్, జెల్లింగ్ ఏజెంట్ కలుస్తాయి. అక్కడినుంచి గడియారం మొదలైనట్టే, చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. అచ్చు నిండాలి, మూత పడాలి, నురుగు తోడుకోవాలి. ఆపైన ఆవిరిలో సుమారు 100 డిగ్రీల దగ్గర అరగంట. ఊడదీసి, నీళ్లలో కడిగి, రోలర్ల మధ్య పిండి, వేడిగాలిలో ఆరబెడతాం. పిండే రోలర్ దగ్గర కొత్తవాళ్లని నిలబెట్టేవాళ్లం, సబ్బునీళ్లతో నిలువెల్లా తడిసిపోయేవాళ్లు.

తెరవెనక:
ముఖంమార్పిడి గారూ, గది వేడి 27 డిగ్రీలు. హై స్పీడ్‌లో ఐదు నిమిషాలు, తర్వాత స్లోలో నాలుగు నిమిషాలు. జెల్ వేశాక ఒక నిమిషం. రెండుసార్లూ అంతే, ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నాను.

సీసాలు... ఊపలేదు. ఊపాలని ఎక్కడా చదివినట్టు గుర్తులేదు.

ముఖంమార్పిడి:
దొరికింది దొంగ.

జెల్ సీసాలో ఉన్నది ద్రావణం కాదు, నీళ్లలో తేలుతున్న సన్నటి పొడి. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే పొడంతా అడుగుకి చేరుతుంది. మొదటిసారి మీరు వంచుకున్న 14 గ్రాములూ పైన తేరిన నీళ్లే. అందుకే నురుగు బిగుసుకోలేదు, బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవయ్యాయి, పాలు అడుగుకి జారి గట్టి రబ్బరైంది. రెండోసారి అడుగు మడ్డంతా గీకి వేశారు. దాదాపు రెండు వాయిల మందు ఒక్క వాయికి పడింది. గిన్నెలోనే బిగుసుకోక ఏం చేస్తుంది!

క్యూరింగ్ సీసా అడుగున కూడా వేలు పెట్టి చూడండి. పసుపు రంగు పేస్టు తగిలితే మీ మొదటి ముక్క ఎందుకు జిగటగా ఉందో తెలిసిపోతుంది. గంధకం సీసాలోనే ఉండిపోయింది.

తెరవెనక:
ఇప్పుడే వెళ్లి చూశాను. అడుగున అరంగుళం మందాన పేస్టు, పుల్ల నిలబడేంత గట్టిగా ఉంది. దాని పైన పాలిపోయిన నీళ్లు. నేను రెండుసార్లూ ఆ నీళ్లే తూచాను. 0.1 గ్రాము చూపించే కాటా మీద.

షిఫ్ట్‌_బి:
నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. మా దగ్గర ఈ ముద్దల ట్యాంకుల్లో తెడ్లు రాత్రీపగలూ తిరుగుతూనే ఉండేవి. ఒకసారి మోటారు ఆగిపోయిన సంగతి రాత్రి షిఫ్టులో ఎవరూ చూడలేదు. పొద్దున్న మొదటి ఇరవై అచ్చులు కూలిపోయాయి, తర్వాతవి గొట్టంలోనే బిగుసుకున్నాయి. అచ్చంగా మీ కథే, కాకపోతే మాది టన్నుల్లో.

రబ్బరు పాల సీసాని కూడా మెల్లగా కలపండి. రబ్బరు నీటికన్నా తేలిక, నిలవుంటే మీగడలా పైకి తేలుతుంది. అయితే దాన్ని గట్టిగా ఊపకండి, అప్పుడే నురుగొచ్చేస్తుంది. పొడి ముద్దలున్న రెండు సీసాల్నీ మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా ఊపండి.

ఎమ్మెస్సీ_మొదటేడు:
ఆ జెల్లింగ్ ఏజెంట్ సోడియం సిలికోఫ్లోరైడ్ అయి ఉంటుంది కదా? అది గట్టిపరిచేదే అయితే వేసిన క్షణమే ఎందుకు గట్టిపడదు? వెనిగర్ వేస్తే రబ్బరు పాలు వెంటనే విరిగిపోతాయి, ల్యాబ్‌లో చూశాను.

షిఫ్ట్‌_బి:
మంచి ప్రశ్న తమ్ముడూ. వెనిగర్‌లో ఆమ్లం అప్పటికే తయారుగా ఉంటుంది, వేసిన చోటే పాలు విరిగి ముద్ద కడుతుంది. సోడియం సిలికోఫ్లోరైడ్ నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. కాస్త కాస్త కరుగుతూ, విడిపోతూ, ఆమ్లాన్ని నెమ్మదిగా వదులుతుంది. దాంతో నురుగంతటా పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) ఒక్కలాగే దిగుతూ వస్తుంది. రబ్బరు రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడేది వాటి చుట్టూ ఉన్న సబ్బు. పీహెచ్ దిగేకొద్దీ ఆ సబ్బు పని చెయ్యడం మానేస్తుంది. పక్కనే జింక్ ఆక్సైడ్ నుంచి వచ్చే జింక్ కూడా సబ్బుని పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తుంది. కాపలా పోయాక రేణువులన్నీ చేతులు కలిపి వలలా అల్లుకుంటాయి. ఆ అల్లుకునేటప్పుడే బుడగల మధ్య పొర పలచబడి చిల్లు పడుతుంది, బుడగ నుంచి బుడగకి దారి ఏర్పడుతుంది. లేటెక్స్ ఫోమ్‌లో గాలి ఆడుతుందనేది ఆ దారుల వల్లే.

అందుకే నేను దీన్ని తోడుకోవడం అంటాను, విరగడం అనను. రెండూ పాలు గట్టిపడటమే, కానీ ఒకటి నెమ్మదిగా అంతా ఒక్కటిగా, ఇంకోటి ముక్కలు ముక్కలుగా.

ఇంకో మాట, అది విషపదార్థం. చేతులకి గ్లవ్స్ లేకుండా, ముక్కుకి మాస్క్ లేకుండా ఆ పొడి జోలికి వెళ్లొద్దు. ముద్ద రూపంలో ఉన్నా గ్లవ్స్ తప్పనిసరి.

కుర్చీడాక్టర్:
నేను సోఫాలు, కుర్చీలు బాగుచేస్తాను. పాత లేటెక్స్ కుషన్లు విప్పితే లోపల గుండ్రటి బొరియలు వరసగా కనిపిస్తాయి. మెటీరియల్ మిగుల్చుకోవడానికి కంపెనీలు చేసే మోసం అని మా గురువుగారు చెప్పేవారు. నిజమేనా?

షిఫ్ట్‌_బి:
మీ గురువుగారికి నమస్కారం, కానీ అది సగం మాటే. ఫోమంటే ముప్పాతిక మించి గాలే, వేడి అంత తేలిగ్గా లోపలికి వెళ్లదు. ఆరంగుళాల దిమ్మని పైనా కిందా మాత్రమే వేడిచేస్తే పై పొర ఉడుకుతుంది, నడిమధ్య పచ్చిగా ఉండిపోతుంది. అందుకని అచ్చులోనే అల్యూమినియం మేకులు వరసగా నిలబెడతారు, వాటి ద్వారా వేడి మధ్యకి చేరుతుంది. ఊడదీశాక మేకులున్న చోట బొరియలు మిగులుతాయి. మెటీరియల్ కలిసొచ్చే మాట నిజమే, మెత్తదనం కూడా వాటితో మారుతుంది. పెద్ద బొరియలుంటే ఆ చోట మెత్తగా దిగుతుంది.

తెరవెనక గారూ, ఇది మీకూ పాఠమే. ఇంట్లో రెండు మూడు అంగుళాలకన్నా మందంగా పోస్తే మధ్యలో ఉడకదు.

కుర్చీడాక్టర్:
అయితే ముప్ఫై ఏళ్లు తప్పు చెప్పుకుంటూ తిరిగాను.

ఇంకోటి. కొన్ని కుషన్లు ఇరవై ఏళ్లయినా రబ్బరు బంతిలా ఎగురుతాయి, కొన్ని విప్పగానే పసుపు పొడిలా రాలిపోతాయి. చిత్రమేమిటంటే ఒక కుర్చీలో కుషనంతా బాగుండి, ఇత్తడి మేకులు తగిలే అంచు మాత్రం నల్లగా, బంకగా అయిపోయింది.

ఎమ్మెస్సీ_మొదటేడు:
ఇత్తడిలో రాగి ఉంది కదా! రాగి, మాంగనీసు లాంటివి రబ్బరు ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగాన్ని పెంచుతాయని చదివాం. పుస్తకంలో ఒక్క లైనే ఉంది, ఇలా నిజంగా కుర్చీలో కనబడుతుందనుకోలేదు.

షిఫ్ట్‌_బి:
అదే. మా దగ్గర పాలు తగిలే ఏ వాల్వూ ఇత్తడిది వాడనిచ్చేవారు కాదు. రాగి తర్వాత పెద్ద శత్రువు ఎండ, ఆ తర్వాత నూనె. రాలిపోయిన కుషన్ బహుశా కిటికీ పక్కన కుర్చీది అయి ఉంటుంది, లేదా సుద్దపొడి ఎక్కువ కలిపిన చవక రకం.

ముఖంమార్పిడి:
ఈ రాగి మాట బొమ్మలు చేసేవాళ్లు కూడా రాసిపెట్టుకోండి. ఫోమ్ బొమ్మ లోపల ఎముకల కోసం రాగి తీగ పెట్టిన ఒకాయన నాకు తెలుసు. చుట్టూ ఫోమ్ మెత్తబడి, చివరికి చెయ్యి భుజం దగ్గర ఊడి వచ్చింది. అల్యూమినియం తీగ వాడుకోండి.

అర్ధరాత్రి:
దారి మళ్లిస్తున్నందుకు క్షమించండి. పరుపు కొనాలి. 'డన్‌లప్', 'టలాలే' అని రెండు రకాలు చెబుతున్నారు. అవి కంపెనీలా? పైగా ఒకదాని మీద 'నూరు శాతం నేచురల్' అని ఉంది. అంటే గంధకం కూడా ఉండదా? అమ్మ ఏమో ఏ పరుపైనా నెలకోసారి ఎండలో వెయ్యాలంటోంది.

షిఫ్ట్‌_బి:
లేటెక్స్ పరుపుని ఎండలో వెయ్యొద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. దూది పరుపుకి అది మందు, దీనికి విషం. నీడలో, గాలి తగిలేలా నిలబెడితే చాలు.

డన్‌లప్ కంపెనీ పేరే, కానీ ఇప్పుడు పద్ధతికి పేరైపోయింది. 1929లో బర్మింగ్‌హామ్‌లో ఆ కంపెనీ పరిశోధకులు ఈ నురుగు పద్ధతిని పట్టుకున్నారు. మొదట్లో వంటింటి మిక్సర్‌తోనే గిలక్కొట్టారని చెబుతారు, కాబట్టి తెరవెనక గారూ, మీరు సరైన దారిలోనే ఉన్నారు! నేను పైన రాసిందంతా ఆ పద్ధతే. నురుగు తోడుకునేలోపు కాస్త కిందికి దిగుతుంది కాబట్టి దిమ్మ అడుగు కొంచెం గట్టిగా ఉంటుంది.

టలాలే అనేది ఆ పద్ధతిని తయారుచేసినవాళ్ల ఇంటిపేరు. అందులో అచ్చుని పూర్తిగా నింపరు. మూత బిగించి గాలి లాగేస్తే నురుగు ఉబ్బి తనే అచ్చంతా నిండుతుంది. వెంటనే సుమారు మైనస్ 30 డిగ్రీలకి గడ్డకట్టిస్తారు, బుడగలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ గడ్డలోంచి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. అది నీటితో కలిసి ఆమ్లమవుతుంది, జెల్లింగ్ ఏజెంట్ చేసే పనిని ఆ వాయువే చేస్తుంది. తర్వాత అదే అచ్చుని 100 డిగ్రీలు దాటేలా వేడిచేస్తారు. పైనా కిందా ఒకేలాంటి ఫోమ్ వస్తుంది. ఒకే అచ్చుని అంత చల్లార్చి, మళ్లీ అంత వేడిచెయ్యడానికి ఎంత కరెంటు తింటుందో ఊహించుకోండి. నన్నడిగితే అడుగు పొరకి డన్‌లప్, పై పొరకి టలాలే. ఒక్కటే కొనేటట్టయితే డన్‌లప్‌లో తప్పేం లేదు.

'నూరు శాతం నేచురల్' అంటే అందులోని రబ్బరు మొత్తం చెట్టుదని, సింథటిక్ కలవలేదని. గంధకం లేకుండా ఫోమ్ నిలవదు. 100 పాళ్ల రబ్బరుకి గంధకం రెండు పాళ్లు, జింక్ ఆక్సైడ్ మూడు నుంచి ఐదు పాళ్లు, మిగతావి ఒక్కో పాలు చొప్పున. ఇది ఎవరి ఫ్యాక్టరీలోనైనా ఇంచుమించు ఇంతే. సింథటిక్ అంటే స్టైరీన్ బ్యుటాడైన్ రబ్బరు. అది కలిస్తే పాపమేమీ కాదు, కలిపి కలపలేదని చెబితేనే పాపం.

కుర్చీడాక్టర్:
నేనొకటి కలుపుతాను. గట్టిదనం చెప్పడానికి ఐఎల్‌డీ అని ఒక అంకె ఉంటుంది. ఎనిమిది అంగుళాల గుండ్రటి పళ్లెంతో ఫోమ్‌ని దాని మందంలో పావు వంతు నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె. 20 దగ్గరుంటే మెత్తన, 40 అంటే గట్టి. షాపువాడు 'మీడియం' అంటే ఆ అంకె అడగండి. మొహం చూస్తే తెలిసిపోతుంది.

బరువు కూడా లెక్కేసుకోండి. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం. ఘనపు మీటరుకి 75 కిలోల ఫోమైతే దాదాపు 34 కిలోలు. ఒక్కరే అంచు పట్టి లాగితే చిరుగుతుంది. ఇద్దరు కింద చేతులు పెట్టి ఎత్తాలి.

నడిపేవారు:
పరుపుల కొనుగోలుకి వేరే చర్చ తెరుద్దామా? ఇక్కడ తెరవెనక గారి ముక్కు ఇంకా బాకీ ఉంది.

ముఖంమార్పిడి:
అవును, ముక్కు దగ్గరికి వద్దాం. తెరవెనక గారూ, కొత్త కిట్ తెచ్చుకోండి, ఆ మడ్డితో కుస్తీ పట్టొద్దు. స్లోలో తిప్పే నాలుగు నిమిషాలు ఊరికే కాదు, పెద్ద బుడగలు చిన్నవయ్యేది, అదనపు అమ్మోనియా పోయేది అప్పుడే. గది వేడిగా ఉంటే మూడు చాలు, లేదంటే అమ్మోనియా మరీ తగ్గి తొందరగా బిగుసుకుంటుంది. జెల్‌ని ఒకేచోట కుమ్మరించకుండా గిన్నె చుట్టూ సన్నటి ధారగా వెయ్యండి, మధ్యమధ్య గిన్నె అడుగుని గరిటెతో తిప్పండి. పోశాక గిన్నెలో మిగిలిన నురుగుని వేలితో నొక్కుతూ ఉండండి. వేలికి అంటకుండా గుంట పడి మళ్లీ పైకి లేచిందంటే తోడుకున్నట్టే. అప్పటిదాకా అచ్చుని కదపొద్దు.

ప్లాస్టర్ అచ్చు పూర్తిగా ఆరాలి. తడి అచ్చుని వేడిచేస్తే ఆవిరి ఫోమ్‌లోకి దూరుతుంది, అచ్చు కూడా పగులుతుంది. 85 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు. వంటకి వాడే ఓవెన్‌లో పెట్టకండి, ఆ గంధకం వాసన మళ్లీ పోదు. గోరువెచ్చగా ఉండగానే అంచుకి పౌడర్ చల్లుతూ మెల్లగా ఊడదీసి, సబ్బునీళ్లలో పిండి కడగండి.

ఆ నటుడికి రబ్బరు ఎలర్జీ ఉందేమో ముందే అడగండి. బెలూన్లు ఊదితే పెదాలు వాచే మనిషైతే ఈ పని వద్దే వద్దు, సిలికాన్‌కి మారిపోండి. లేదన్నా సరే, చిన్న ముక్క మోచేతి లోపలివైపు అంటించి ఒక రోజు చూడండి.

తెరవెనక (తొమ్మిది రోజుల తర్వాత):
కొత్త కిట్ వచ్చింది. సీసాలు ఎంత ఊపానంటే పక్కగది వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. స్లోలో మూడున్నర నిమిషాలు. పోసి ఆరు నిమిషాలు చూశాను, వేలు పెడితే గుంట పడి లేచింది. ఆ ఒక్క క్షణం కోసం ఎన్ని తిట్లు తిన్నానో.

ముక్కు బ్రహ్మాండం. కుడి బుగ్గ బాగుంది. ఎడమ బుగ్గలో చెవి దగ్గర గాలి ఇరుక్కుని శనగగింజంత గుంట పడింది. నటుడికి ఎలర్జీ లేదు, చేతిమీద అంటించి చూశాం. కానీ అచ్చు కొలతకీ ముక్కకీ తేడా వచ్చింది, ముక్క కొంచెం చిన్నదైంది. అంచు గడ్డం దాకా రావట్లేదు.

షిఫ్ట్‌_బి:
అది తప్పు కాదు, కుంచించుకోవడం. నీళ్లు పోయాక లేటెక్స్ ఫోమ్ ఎప్పుడూ కొంత తగ్గుతుంది. అందుకే మేము అచ్చులే పెద్దవి చేయిస్తాం. నీళ్లు ఎక్కువున్న పాలైతే ఇంకా తగ్గుతుంది.

ముఖంమార్పిడి:
గుంటలో కాస్త రబ్బరు పాలు పూసి, ఫోమ్ తుంపి అద్దండి, రంగు వేశాక కనబడదు. గడ్డం దగ్గర లోటుని గెడ్డం వెంట్రుకలతో కప్పెయ్యండి. ముసలి పాత్రే కదా.

తెరవెనక:
దర్శకుడు గెడ్డం వద్దన్నాడు. మెడకి మఫ్లర్ చుట్టాం.